రంగు బట్టలు లేకుండా కొత్తగా కనిపించడం కుదురుతుందా?

సాదాసీదా: నా బీరువాలో అన్నీ తెలుపు, నలుపు, గ్రే, బీజ్, నేవీ బ్లూలే. రంగులు కొనే ఉద్దేశం లేదు. కానీ ఏది వేసుకున్నా నిన్నటి బట్టలే మళ్లీ తొడిగినట్టు ఉంటోంది. ఏం మార్చాలి?

రంగులరాట్నం: ఒక్క ఎర్ర స్కార్ఫ్ చాలు.

నూలుపోగు: రంగులు వద్దన్నాక ఎర్ర స్కార్ఫ్ ఏంటండీ? చూడాల్సింది బట్ట రకం. పైనా కిందా ఒకే గ్రే కాటన్ వేస్తే యూనిఫాంలా ఉంటుంది. అదే గ్రేలో లినెన్ చొక్కా, కార్డురాయ్ ప్యాంటు వేసి చూడండి. కార్డురాయ్ గాడుల్లో నీడ పడుతుంది, శాటిన్ మెరుస్తుంది, స్వెడ్ (నూగుగా ఉండే తోలు) అసలు మెరవదు. రంగు ఒకటే అయినా రకరకాల ఛాయలు వస్తాయి. ఆ తర్వాత ఫిట్టింగ్. పైన వదులైతే కింద కాస్త బిగుతు ఉండాలి. చొక్కా టక్ చేస్తే కాళ్లు పొడుగ్గా కనిపిస్తాయి.

రంగులరాట్నం: పది అడుగుల దూరం నుంచి కార్డురాయ్ గాడులు ఎవరికి కనిపిస్తాయి?

బొత్తాం: ఫోటోలో అయితే అస్సలు కనపడవు.

నూలుపోగు: గాడులు కనపడక్కర్లేదు. మెరిసే బట్ట పక్కన మెరవనిది ఉంటే దూరం నుంచీ తెలుస్తుంది. నల్ల తోలు బూటూ, నల్ల ఊలు ప్యాంటూ ఒకేలా ఉంటాయా?

రంగులరాట్నం: ఉంటాయి. రెండూ నల్లగానే.

అంచుపట్టీ: తెలుపుల్లోనూ తేడాలున్నాయి. మరీ తెల్లటి బట్టల్లో చాలావాటికి ఆప్టికల్ బ్రైట్‌నర్ (తెలుపును ఇంకా తెల్లగా చూపించే రసాయనం) కలుపుతారు. ఎండలో కాస్త నీలంగా మెరుస్తాయి, పక్కనున్న క్రీమ్ మాసినట్టు కనిపిస్తుంది. ట్యూబ్‌లైట్ కింద కలిసిపోయిన రెండు నేవీలు కూడా బయటికెళ్తే వేరుగా తేలొచ్చు. జతలు పగటి వెలుతురులో చూసుకోండి.

రంగులరాట్నం: మీరంతా బట్ట, కుట్టు అంటున్నారు. నేను ఏళ్ల తరబడి గ్రేలే వేశాను. ఆఫీసులో ‘ఒంట్లో బాలేదా’ అని అడిగేవాళ్లు. మీటింగ్‌లో నేను చెప్పిన ఐడియా ఇంకొకరి పేరు మీద పోయింది. ఎర్ర జాకెట్ వేయడం మొదలుపెట్టాకే నా మాట వింటున్నారు. లినెన్ వేస్తే వినేవాళ్లా?

నూలుపోగు: వినకపోవడం వాళ్ల తప్పు. చొక్కాది కాదు.

రంగులరాట్నం: నీతులు చెప్పకండి. రంగంటే మీకు భయం. దానికి బట్ట రకం అని పేరు పెట్టుకున్నారు.

నూలుపోగు: భయం కాదు, విసుగు. చిన్నప్పటి నుంచీ పసుపు వేస్తే ‘ఇంకా నల్లగా ఉన్నావు’, గులాబీ వేస్తే ‘నీకు నప్పదు’. చొక్కాతో మొదలైన మాట నా ఒంటి రంగు దగ్గరికే వచ్చేది. గ్రే వేసిన రోజు ఎవరూ ఏమీ అనరు. మీకు నలుగురూ చూడాలి. నాకు అద్దంలో నేను నచ్చితే చాలు. ఇద్దరికీ ఒకే స్కార్ఫ్ ఎలా సరిపోతుంది?

రంగులరాట్నం: అలా అనడం వాళ్ల తప్పే. మరి వాళ్ల కోసం మీరు పసుపు ఎందుకు మానేశారు?

బొత్తాం: ఇంతకీ ప్రశ్న వేసినవాళ్లు ఉన్నారా?

సాదాసీదా: ఉన్నాను. నాకు పసుపు మీద కోపం లేదు, పొద్దున్నే జతలు వెతికే ఓపిక లేదంతే. నల్ల ప్యాంటు మీదకి ముతక అల్లిక స్వెటర్ వేసి చూస్తాను. ఎర్ర స్కార్ఫ్ మాత్రం వద్దు.

రంగులరాట్నం: పోనీ, మెరూన్?