అప్‌డేట్: చెన్నై దగ్గరి కోవళంలో కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) మీద చేపల వేట, గాలి సంగతి

గాలి రోజుల్లో కయాక్ ఒకచోట నిలవట్లేదు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. డ్రోగ్ (పడవ కొట్టుకుపోకుండా నీళ్లలో వదిలే గుడ్డ గొడుగు లాంటిది) కట్టమన్నారు, ఒడ్డుకు దగ్గర్లోనే ఉండమన్నారు. నిన్న రెండూ పాటించాను.

జూన్, జూలైల్లో చెన్నైలో పొద్దున పడమటి గాలి ఎక్కువ. ఒడ్డు పక్కన నీళ్లు చదునుగా కనిపిస్తాయి, అసలు ప్రమాదం అదే. గాలి మనల్ని సముద్రంలోకి తోస్తూ ఉంటుంది. డ్రోగ్‌ను ముందు కొసకు కట్టి వదిలాను. గుడ్డ గొడుగులా విచ్చుకుంది, తాడు బిగిసింది, కయాక్ గాలికి ఎదురు తిరిగింది. కొట్టుకుపోవడం ఆగలేదు కానీ బాగా నెమ్మదించింది. సలహా ఇచ్చిన అన్నకు చాలా థ్యాంక్స్.

చేపలు మాత్రం పెద్దగా పడలేదు. గాలికి లైన్ వదులైపోతుంటే చిన్న కాటు చేతికి తెలియదు. సీసం బరువు పెంచాక కాస్త నయం. రొయ్య ఎరకు ఒక చిన్న జెల్ల పడింది. ముల్లు గుచ్చుకోకుండా ప్లయర్‌తో గాలం తీసి వదిలేశాను.

అలల మీద తెల్ల నురుగు మొదలవగానే వెనక్కి తిప్పాను. ఎదురుగాలిలో తెడ్డు వేస్తుంటే భుజాలు పట్టేశాయి. అందుకే ఓపిక ఉండగానే తిరగాలి, లైఫ్ జాకెట్ అస్సలు విప్పొద్దు.

ఈసారి పక్కనే ఉన్న ముట్టుకాడు బ్యాక్‌వాటర్ వైపు పండుగప్ప కోసం వెళ్దామనుకుంటున్నా. పోటు మీద (నీళ్లు ఎక్కేటప్పుడు) వెళ్లాలా, పాటు మీదా (నీళ్లు తీసేటప్పుడు)?