సాగర్ దీవిలో చెట్లు గట్ల ఎందుకున్నయి? మట్టి వల్లనా?

దేవరకొండ_బాటసారి:
లాంచీలో నాగార్జునకొండకు పోయొచ్చినోళ్లను ఒకటి అడగాలె. మ్యూజియం చుట్టూ నాటిన చెట్లు పక్కన పెట్టండి. తతిమా జాగల ఎక్కువ ముళ్లపొదలు, పొట్టి చెట్లే. చుట్టూ అన్ని నీళ్లుండంగ గట్లెందుకు?

చెల్క_పంతులు:
చుట్టూ నీళ్లున్నా వేరుకు అందేది మట్టి పట్టుకున్న తడే తమ్మీ. సాగర్‌కు 1955ల పునాదిరాయి పడేనాటికి అది దీవి గాదు, లోయల గుట్ట. కృష్ణ తెచ్చిపోసిన ఒండ్రు కిందనే ఉండె, అది మునిగింది. తేలింది గుట్ట నెత్తి. ఆడ మట్టి పలచన, రాయి ఎక్కువ, వాన పడ్డది పడ్డట్టే జారుతది. నువ్వు చూసింది గుట్టమీది అడివే, చుట్టూ నీళ్లొచ్చినయంతే.

అమ్రాబాద్_వాగు:
పంతులు సార్ చెప్పింది మా దిక్కు నడిచి చూడొచ్చు. ఎండిన రాతి వాలు మీద అందుగు, తపసి, కొండగోగు. బండ సందులో పిడికెడు మట్టి దొరికితే చాలు వాటికి. అక్కడి నుంచి వాగులోకి దిగితే ఏరుమద్ది. వాన అంతటా ఒకటే, మారింది కాలికింద నేల. టేకు ఇంకా పట్టింపు మనిషి! నీరు నిలిచే నేలలో పెట్టారా, అలుగుతుంది. నల్లరేగడిలో సారం ఎంతున్నా వానాకాలం ఊపిరాడదు, ఎండాకాలం నెర్రెలిచ్చి వేర్లను తెంపుతుంది. అందులో నల్లతుమ్మ, మోదుగ నెగ్గుకొస్తాయి.

మేకలోడు_మిర్యాలగూడ:
అందరు మట్టి మీదనే పడ్డరు. మేకలు, గొడ్డలి, నిప్పు లెక్కల లేవా? మా గుట్ట, పక్కూరి గుట్ట మట్టి ఒకటే. ఒకదాని మీద అడివుంది, ఒకదాని మీద తంగేడు, పరికి కంప మిగిలినయి.

చెల్క_పంతులు:
న్యాయమైన మాట. అందుకే మేకలు, గొడ్డళ్లు లేని దీవి చూడాలె. పనామా కాలువ కోసం చాగ్రెస్ నదికి కట్ట కడితే బారో కొలరాడో అనే గుట్ట దీవైంది, అచ్చం మన సాగర్ లెక్కనే. 1923 నుంచి రక్షిత జాగ. 1980ల మొదట్ల ఆడ 50 హెక్టార్ల అడివిల, ఒక సెంటీమీటరు మందమున్న మొక్క నుంచి అన్నీ లెక్కబెట్టిన్రు. ఎండాకాలంల చదునైన నెత్తి కంటె పక్క వాలుల తడి ఎక్కువ దినాలు నిలుస్తది. తడి కావాల్సిన జాతులు ఆ వాలు పట్టుకొనే ఉన్నయి. అంటే మేకలు లేకున్నా మట్టి తన పని తాను చేస్తది. మీ గుట్టల సంగతి మాత్రం మేకలనే అడగాలె.

కొల్లాపూర్_రేవు:
న్యూ కలెడోనియా ఇంకా వింత. ఆ దీవి మట్టిలో చాలాచోట్ల నికెల్ ఎక్కువ, మామూలు మొక్కకు విషం. అక్కడే పుట్టిన ఒక చెట్టు మాత్రం దాన్ని పీల్చి దాచుకుంటుంది. కాండం గీస్తే పాలు నీలిపచ్చగా కారతాయి, ఎండబెడితే బరువులో నాలుగో వంతు నికెలే!

దేవరకొండ_బాటసారి:
గవన్నీ దూరమున్నయి. మా గుట్ట మీద నేనెట్ల తెలుసుకోవాలె?

అమ్రాబాద్_వాగు:
చారెడు మట్టి తడిపి బొటనవేలితో పట్టీలా సాగదీయండన్నా. రేగడైతే తెగకుండా సాగి వేలికి అంటుకుంటుంది, దుబ్బైతే పొడిపొడిగా రాలుతుంది. గుట్ట నెత్తిన, వాలులో, అడుగున తీసి, ఆ జాగలో ఏ చెట్టుందో పక్కనే రాసుకోండి. వానలు పడినంక వద్దు, అన్నీ తడిగానే ఉంటాయి. వేసవిలో పోండి.