‘ఏ’ ఎక్కడ, ‘ది’ ఎక్కడ? ఆఫీసు మెయిల్ రాయాలంటే టెన్షన్

మారతహళ్లి పీజీ:
మాది కర్నూలు పక్కన పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. బెంగళూరొచ్చి మూడేళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నా. మాట్లాడేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తా గానీ ఇంగ్లిష్‌లో మెయిల్ రాయాలంటేనే టెన్షన్. నిన్న ‘ఐ ఫౌండ్ ది బగ్ ఇన్ లాగిన్ పేజ్’ అని పంపితే మా లీడ్, ఆయనా తెలుగే, ఫోన్ చేసి ‘ఏ బగ్? పోయిన వారం చెప్పిందేనా?’ అన్నాడు. కాదు, కొత్తది! తెలుగులో ఈ ఏ, ది గొడవే లేదు కదా, మరి ఎలా పట్టుకోవాలి? గ్రామర్ పుస్తకాలు చెప్పకండి, చదివినంతసేపే గుర్తుంటాయి.

బెళ్లందూరు బావ:
మీ లీడ్ ‘ఏ బగ్’ అన్నాడే, మీరు రాయాల్సింది సరిగ్గా అదే!
తెలుగులో లేదనుకోకండి. మాట లేదు, తేడా ఉంది. ‘టేబుల్ మీద తాళం ఉంది’ అంటే ఏదో తాళం, సంగతి ఇప్పుడే చెబుతున్నాం. ‘తాళం టేబుల్ మీద ఉంది’ అంటే ఇందాకటి నుంచి మీరు వెతుకుతున్న రూమ్ తాళం. మొదటిది ‘ఏ కీ’, రెండోది ‘ది కీ’. ‘ని’ కూడా చాలాసార్లు ఇదే పని చేస్తుంది, ‘బండి కొన్నా’ అంటాం, తర్వాత ‘బండిని అమ్మేశా’ అంటాం. చదివేవాడికి అది ఏదో ముందే తెలుసా, లేదా, పంపేముందు అదొక్కటి చూసుకోండి. మీ లాగిన్ పేజీ ఏదో అందరికీ తెలుసు కాబట్టి ‘ది’ పెట్టాల్సింది దానికి, బగ్‌కి కాదు.

టీచరమ్మ:
బాబూ, ఆయన చెప్పింది బాగుంది గానీ దాన్నే నమ్ముకుంటే బోల్తా పడతావు. ‘మా నాన్న టీచర్’లో ‘ఒక’ లేదు, ఇంగ్లిష్‌లో మాత్రం ‘ఏ టీచర్’ అనాల్సిందే. ‘నాకు ఒక పని ఉంది’లో ‘ఒక’ ఉంది, అక్కడేమో ‘ఏ వర్క్’ అనకూడదు, ‘సమ్ వర్క్’ అనాలి. అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ కూడా అంతే, వాటిని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. ముప్పై ఏళ్లు గుంటూరులో పిల్లలకు పాఠం చెప్పాను, ఈ ‘ఏ వర్క్’ మాత్రం మాన్పించలేకపోయాను. మా అబ్బాయి ఇక్కడ బెంగళూరు బీటీఎంలో కూర్చుని రోజూ ఫోన్‌లో అదే అంటుంటాడు.

మారతహళ్లి పీజీ:
థాంక్స్ అన్నా, థాంక్స్ మేడమ్. ఇంకొక్కటి, ఎమ్మెల్యేకి ‘యాన్’ ఎందుకు? ఎమ్ అచ్చు కాదు కదా?

టీచరమ్మ:
రాసే అక్షరం కాదు, పలికే శబ్దం చూడాలి. ఎమ్మెల్యే ‘ఎ’తో మొదలవుతుంది, అందుకే యాన్. యూనివర్సిటీ ‘య’తో, కాబట్టి ఏ. అవర్‌లో హెచ్ పలకదు, యాన్. మనకు చిక్కెక్కడంటే, మనలో చాలామంది ‘ఎ’ని ‘యె’లా, ‘ఒ’ని ‘వొ’లా పలుకుతాం, యెమ్మెల్యే, వొంగోలు అని. ఇక చెవికి అచ్చు వినపడదు.

బెళ్లందూరు బావ:
ఓహో, మా టీమంతా ‘ఏ ఎర్రర్’ అని రాసేది అందుకా!

మారతహళ్లి పీజీ:
ఇప్పుడే వెతికా, నా పాత మెయిల్స్‌లో ‘ఏ ఎర్రర్’ పదకొండు చోట్ల ఉంది. మా లీడ్ ఒక్కటీ పట్టుకోలేదు. ఆయనది వొంగోలే.