కిడ్నీలు రోజుకు 180 లీటర్లు వడపోస్తే మూత్రం ఒకటిన్నర లీటరేనా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, జీఎన్ఎం (నర్సింగ్ కోర్సు) మొదటి సంవత్సరం. ఎముకలు, కండరాలు ఎలాగోలా బట్టీ కొట్టేశా గానీ కిడ్నీ దగ్గరికి వచ్చేసరికి తల తిరుగుతోంది. ఒంట్లో ఉండే రక్తమే సుమారు 5 లీటర్లు కదా, మరి రోజుకు 180 లీటర్ల వడపోత అంటే అదే రక్తం మళ్లీ మళ్లీ కిడ్నీలకు వస్తుందని అనుకుంటున్నా, సరేనా? గ్లోమెరులస్ (కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్న రక్తనాళాల చుట్ట) దగ్గర వడపోసిన నీళ్లలో దాదాపు 99 శాతం గొట్టాల్లోంచి తిరిగి రక్తంలోకే పోతాయంట. వెనక్కి తీసుకునేదానికి అంత వడపోయడం దేనికండీ?

అసలు డౌట్ ఇంకోటి ఉంది. మా వైపు మే నెల ఎండల్లో బిందెడు నీళ్లు తాగినా చెమటకే సరిపోతుంది, మూత్రం కొంచెమే, అదీ ముదురు పసుపు రంగులో వస్తుంది. అప్పుడు వడపోతే తగ్గుతుందా, లేక ఏడీహెచ్ (నీళ్లను ఒంట్లో నిలిపే హార్మోన్) ఎక్కువై కలెక్టింగ్ డక్ట్ (కిడ్నీలో మూత్రం చేరే చివరి గొట్టం) దగ్గర నీళ్లు ఎక్కువగా వెనక్కి పోతాయా? హాస్టల్లో సీనియర్ అక్క రెండోదే అంటుంది, ఎందుకో అడిగితే మాత్రం పరీక్షకు అది చాలంటుంది (నాకు చాలదు). తెలిసినవాళ్లు కాస్త విడమరచి చెప్పండి, హెన్లీ లూప్ (కిడ్నీ గొట్టంలో U ఆకారపు వంపు) గొడవ లేకుండా కుదిరితే ఇంకా మంచిది.