మామిడి చెట్ల కింద రంగురంగుల పిట్ట: ఇదేం పక్షి?

ప్రశ్న:
కరీంనగర్ దగ్గర మామిడి తోట. అక్టోబర్ రెండో వారం. గోరింక కన్నా చిన్నది, తోక దాదాపు లేనట్టే ఉంది. వీపు ఆకుపచ్చ, రెక్క భుజం మీద మెరిసే నీలం, తోక కింద కుంకుమ ఎరుపు, కంటి మీదుగా నల్లటి పట్టీ. ఎగరదు, ఎండుటాకుల్లో గెంతుతోంది. లకుముకి పిల్లా? ఇక్కడ గూడు పెట్టి ఉంటుందా?

జవాబు 1:
లకుముకి కాదండి. దానికి పొడవాటి ముక్కు, కురచ కాళ్లు. మీరు చెప్పింది పొన్నంకి పిట్ట, హిందీలో నవరంగ్. శాస్త్రీయ నామం పిట్టా బ్రాకియూరా. ఆ 'పిట్టా' మన తెలుగు 'పిట్ట'నే! ఈసారి కనిపిస్తే కాళ్లు చూడండి: పొడుగ్గా, బలంగా, లేత గులాబీ రంగులో ఉంటాయి. ఎగిరినప్పుడు రెక్క చివర తెల్లటి మచ్చ తళుక్కుమంటుంది. ఆడా మగా ఒకేలా ఉంటాయి కాబట్టి రంగుని బట్టి తేల్చలేం. ఆ ఏడు పుట్టిన పిల్లలైతే రంగు మసగ్గా ఉంటుంది.

జవాబు 2:
గూడు గురించి: అక్టోబర్‌లో ఉండదు. హిమాలయ పాదాల అడవుల్లో, మధ్య భారతంలో జూన్-ఆగస్టు మధ్య గుడ్లు పెడతాయి. వానకి నేల మెత్తబడితేనే వానపాములు, నత్తలు, పురుగులు పైకొస్తాయి. పిల్లల్ని సాకేది వాటితోనే. గూడు బంతిలా ఉంటుంది, దారి పక్కనుంచి. గడ్డి, ఎండుటాకులతో నేల మీదో పొదల్లోనో కడతాయి. గుడ్లు 4-5, మెరిసే తెలుపు మీద ముదురు ఊదా చుక్కలు. తర్వాత దక్షిణాదికీ శ్రీలంకకీ వలస. రాత్రిపూట ప్రయాణం, పగలు తోటల్లో దిగి తింటాయి. మీ తోటలోది అలా దిగిందే అయ్యుంటుంది. ఆకులు ఊడ్చి తగలబెట్టకండి, దాని తిండంతా ఆ పొరలోనే. పొద్దున, సాయంత్రం రెండు స్వరాల ఈల వినండి. తమిళులు దీన్ని ఆరు గంటల పిట్ట అంటారు.

ప్రశ్న అడిగినవారు:
ఇంకోటి కిటికీ అద్దానికి కొట్టుకుని పడి ఉంది. బతికే ఉంది. నీళ్లు తాగించనా?

జవాబు 3:
వద్దు! నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అన్నం మెతుకులూ పెట్టకండి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తటి బట్ట పరిచి, మూతేసి, చీకట్లో, చప్పుడు లేనిచోట గంట, రెండు గంటలు ఉంచండి. మధ్యమధ్య తెరిచి చూడొద్దు, ఆ బెదురే దానికి ప్రమాదం. లోపల గెంతుతున్న చప్పుడైతే పొదల పక్కన పెట్టె తెరిచి దూరంగా నిలబడండి. రెక్క వాలిపోయినా, తల పక్కకి ఒరిగినా అటవీ శాఖ వారికి అప్పగించండి. పంజరంలో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

అద్దానికి బయటివైపు 5 సెంటీమీటర్లకో చుక్క చొప్పున స్టిక్కర్లు అంటించండి. గద్ద బొమ్మ ఒక్కటి అంటిస్తే చాలదు. మిగతా అద్దంలో చెట్ల నీడ అలాగే కనిపిస్తుంది, అదే దారనుకుని మళ్లీ వచ్చి కొట్టుకుంటాయి.