అప్‌డేట్: బెంగళూరులో డాబా మీద అద్దాల గది, కొటేషన్ల తేడా ఎక్కడుందో తెలిసింది

మార్చిలో అడిగాను కదా, డాబా మీద 12 బై 10 అడుగుల అద్దాల గదికి ఒకరు 3.6 లక్షలు, ఇంకొకరు 5.4 లక్షలు ఎందుకు చెప్తున్నారని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించమన్న సలహాయే పనికొచ్చింది.

శ్లాబ్ బాగానే ఉందట, స్తంభాలు మాత్రం కింది బీముల మీదే నిలపాలన్నారు. అసలు చిక్కు వాననీటి గొట్టం. ఆయన బకెట్ నీళ్లు కుమ్మరిస్తే అన్నీ గది కట్టాలనుకున్న మూలకే పారాయి! గొట్టం మార్చడం, వాటర్‌ప్రూఫింగ్ తక్కువ కొటేషన్‌లో లేనే లేవు. సాయంత్రం ఎండ తగిలే పడమర వైపు అద్దం మానేసి గోడ, కిటికీ పెట్టించాం. మొత్తం 5.1 లక్షలైంది. వేడి తగ్గడానికి డబుల్ గ్లాస్ (మధ్యలో ఖాళీ ఉన్న రెండు పొరల అద్దం) వేయాలా వద్దా అని అప్పుడు మనం చేసిన వాదనంతా మా ఇంటికి అవసరమే పడలేదు.

మొన్నటి వానకి చుక్క కారలేదు. గది మాత్రం అమ్మ వడియాలకే సరిపోతోంది.