పాత కాలనీలో పక్కపక్కనే రెండు ఇళ్లు కడుతున్నాం, సైట్‌లో ఏ రోజులు తప్పకుండా ఉండాలి?

రెండు_ప్లాట్లు:
ఏ.ఎస్.రావు నగర్ వైపు నాన్న ఎప్పుడో కొన్న 200 గజాల ప్లాట్లు రెండున్నాయి, పక్కపక్కనే. ఒకదాంట్లో పాత ఇల్లు పడగొట్టేశాం, రెండోది ఇన్నాళ్లూ ఖాళీ. ఒకటి అక్కకి, ఒకటి నాకు, రెండూ జీ ప్లస్ వన్, పర్మిషన్లు వచ్చేశాయి. అక్కావాళ్లు దుబాయ్‌లో ఉంటారు, నాకేమో మాదాపూర్‌లో ఆఫీసు, కాబట్టి పొద్దున్నే ఒక గంట, మళ్లీ శనాదివారాలు, అంతకుమించి సైట్‌లో ఉండటం నా వల్ల కాదు. కాంట్రాక్టర్‌కి మెటీరియల్‌తో కలిపి ఇచ్చాం. ఏది అడిగినా "మీరేం టెన్షన్ పడకండి సార్" అంటాడు, నా టెన్షన్ అంతా అదే.

చుట్టూ ఉన్నవాళ్లంతా నలభై ఏళ్ల నుంచి ఉంటున్నవాళ్లు. ఎడమ పక్క పెద్దాయన జేసీబీ వచ్చినప్పటి నుంచి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. వాళ్ల ఇంటి గోడ సరిగ్గా హద్దు మీదే ఉంది. ఫుటింగ్‌కి, అంటే పిల్లర్ల పునాదికి తవ్వితే నాలుగడుగులకే రాయి తగిలింది. కాంట్రాక్టర్ బ్రేకర్ మెషీన్‌తో రాయి కొట్టిద్దామంటున్నాడు, ఆయనేమో మా గోడకి చిన్న గీత పడినా ఊరుకోను అంటున్నారు. జీతమిచ్చి సైట్ ఇంజినీర్‌ని పెట్టుకోవాలా, లేదంటే ముఖ్యమైన రోజుల్లో నేను సెలవు పెడితే సరిపోతుందా?

రిటైర్డ్_ఇంజినీర్:
బాబూ, ముందు రాయి సంగతి. ఆ కాలం ఇళ్లు చాలావరకు పిల్లర్లు లేకుండా రాతి పునాది మీద గోడలతో లేపినవే, అదురు తట్టుకోవు. హద్దు గోడ పక్కన బ్రేకర్ వద్దు. రాయికి రంధ్రాలు వేసి, నీళ్లలో కలిపిన పౌడర్ పోసి వదిలేస్తే అది ఉబ్బి రాయిని చీలుస్తుంది, చప్పుడు ఆ రంధ్రాలు వేసేటప్పుడే. ఖర్చు ఎక్కువే, కానీ హద్దు వైపు వరకే వాడి మిగతా చోట బ్రేకర్ పెట్టుకోవచ్చు. అసలు తగిలింది పరుపు రాయా, మట్టిలో ఇరుక్కున్న గుండు రాయా అన్నది మీ స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని తీసుకొచ్చి చూపించండి. గట్టి పరుపు రాయే అయితే అంత లోతు తవ్వే అవసరమే ఉండకపోవచ్చు, అది ఆయన తేల్చాలి, మేస్త్రీ కాదు.

ఇక మీరు ఉండాల్సిన రోజులు. పునాదికి నేల మీద గీతలు గీసే మార్కింగ్ రోజు తప్పకుండా ఉండాలి. మీ సైజు ప్లాట్‌కి పక్కల మీటరు ఖాళీ వదలాలి, ప్లాన్‌లో ఉన్నదే లెక్క. "రూమ్ కొంచెం పెద్దగా వస్తుంది సార్" అని మేస్త్రీ ఆరంగుళాలు జరిపేస్తాడు, టేపు మీ చేతిలోనే ఉండాలి. తర్వాత, స్లాబ్ పోసే రోజు కంటే దానికి ముందు సాయంత్రం ముఖ్యం. ఇనుము కట్టడం పూర్తయ్యాక డ్రాయింగ్ పట్టుకుని పైకెక్కండి. రాడ్డుని పైకెత్తి ఉంచే కవర్ బ్లాకులు కింద ఉన్నాయా, లేక కంకర ముక్కలు దోపారా చూడండి. కవర్ అంటే రాడ్డు బయట ఉండే కాంక్రీట్ మందం, స్లాబ్‌కి 20 మిల్లీమీటర్లు, పిల్లర్‌కి 40. కొన్నాళ్లకి పెచ్చులూడి రాడ్డు బయటపడే స్లాబులు చూస్తుంటాం కదా, అక్కడ చాలాసార్లు తప్పు జరిగేది ఇక్కడే.

పోసే రోజు నీళ్ల మీద కన్నేయండి. సైట్‌లో మిక్సర్ పెట్టి ఎం20 గ్రేడ్ కాంక్రీట్ కలిపితే సిమెంట్ బస్తాకి 30 లీటర్లు దాటకూడదని మన కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. మనవాళ్లేమో జారుడుగా ఉంటే పని సులువని పైపు వదిలేస్తారు. బకెట్‌కి గీత పెట్టి ఇవ్వండి, పైపు తీసేయించండి. ఆ కాంక్రీట్‌తోనే క్యూబ్‌లు పోయించి, బలం ఎంతుందో 28 రోజులకి ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి. పీపీసీ (ఫ్లై యాష్ కలిసిన) సిమెంట్ అయితే కనీసం 10 రోజులు క్యూరింగ్, అంటే తడి ఆరకుండా మడులు కట్టి నీళ్లు నిలపాలి, పొద్దున ఓసారి పైపుతో చల్లి వెళ్లిపోతే అది క్యూరింగ్ కాదు.

గోడకి_ఇవతల:
నేను ఆ పెద్దాయన వైపు నుంచి చెబుతాను. మా వీధిలో, నల్లకుంటలో, పక్కింటివాళ్లు కట్టేటప్పుడు మా వంటింటి గోడకి పగులు వచ్చింది. అది పాతదే అని వాళ్లు, కొత్తదే అని మేము, రుజువు ఎవరి దగ్గరా లేదు, ఇప్పటికీ మాటల్లేవు. మీకింకా టైముంది. తవ్వకం ఆపి ఆ పెద్దాయన దగ్గరకి మీరే వెళ్లండి, కాంట్రాక్టర్‌ని పంపకండి. వాళ్ల ఇంట్లో గది గదికీ తిరిగి ఆయన ముందే వీడియో తీయండి, ఉన్న పగుళ్ల మీద అడ్డంగా పెన్సిల్ గీత గీసి తేదీ వేయండి, కాపీ ఆయనకీ ఇవ్వండి. ఏదైనా అయితే బాగు చేయిస్తానని కాగితం రాసివ్వండి. ఆయన అడుగుతున్నది అదేనేమో, మీరు కనుక్కున్నారా?

ఇంకోటి. హద్దు పొడవునా ఒకేసారి గుంతలు తీసి వానాకాలంలో వదిలేయకండి. ఒకటి వదిలి ఒకటి తీయాలి, పోసి, పూడ్చి, తర్వాత మిగతావి. పాత ఇల్లు కొట్టిన చెత్త రోడ్డు మీద ఎన్నాళ్లుంటుందో కూడా చెప్పండి, మా వీధిలో కంకర కుప్ప ఎక్కి జారిపడని స్కూటర్ లేదు. ఆ చెత్త తీసుకోవడానికి జీడిమెట్లలో, ఫతుల్లగూడలో ప్లాంట్లు ఉన్నాయి. "మన టిప్పర్ వాడు ఎక్కడో పోస్తాడు సార్" అంటే ఏ చెరువులోనో పోస్తాడని అర్థం.

చిన్న_బిల్డర్:
పైన సార్ చెప్పింది కరెక్టే కానీ అన్నా, మీరు రోజూ వచ్చి మేస్త్రీకి ఒక మాట, ఇంజినీర్‌కి ఒక మాట, ఇనుము కట్టే బార్ బెండర్‌కి ఒక మాట చెబితే పని పాడవుతుంది. చెప్పేది ఒక్కరికే చెప్పండి, వాట్సాప్‌లో రాసి. రెండు ఇళ్లకీ కలిపి ఒక సైట్ ఇంజినీర్‌ని పెట్టుకోండి, ఖర్చు సగం సగం పంచుకోండి. మనిషి మాత్రం మీ తరఫువాడై ఉండాలి, కాంట్రాక్టర్ "నా దగ్గర కుర్రాడున్నాడు" అంటే వద్దనండి. డబ్బు పని పూర్తయిన స్టేజీని బట్టి ఇవ్వండి, వారం వారం అడిగినంత కాదు.

స్లాబ్‌కి రెడీమిక్స్, అంటే ప్లాంట్‌లో కలిపి బండిలో తెచ్చే కాంక్రీట్ అనుకుంటుంటే ముందు రోడ్డు చూసుకోండి. లోడ్‌తో ఉన్న బండి డ్రైనేజీ మూత ఎక్కితే మూత లోపలికి పోతుంది, ఆ బిల్లు మీదే. ఇనుప ప్లేట్లు వేయించండి, వేలాడే కేబుళ్లు ముందే పైకి కట్టించండి. పగలు పెద్ద బండ్లకి సిటీలో ఆంక్షలు ఉంటాయి కాబట్టి రాత్రి పంపుతామంటారు, కానీ రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా చప్పుడు చేయకూడదని రూలుంది, కాలనీవాళ్లు పోలీసులకి ఫోన్ కొడితే సగం పోసిన స్లాబ్‌తో ఇరుక్కుంటారు. ఏ టైముకి పంపుతారో ప్లాంట్ వాళ్లతో ముందే తేల్చుకోండి. నీళ్లు కలిపిన రెండు గంటల్లోపు దించేయాలి, చలానా మీద టైము చూడండి. కాంక్రీట్‌ని అదిరించి గాలి బుడగలు తీసే వైబ్రేటర్ రెండోది స్పేర్‌గా ఉండాలి, స్లాబ్ రోజే అది చెడిపోతుంది, ఎందుకో దేవుడికే తెలియాలి.

రెండు_ప్లాట్లు:
థాంక్స్ అండీ అందరికీ. పెద్దాయన ఇంటికి వెళ్లొచ్చాను. ఆయన ఈసీఐఎల్‌లో చేసి రిటైరయ్యారట, పగుళ్ల లిస్టు ఆయనే రాసి పెట్టుకున్నారు, గది వారీగా! వీడియో తీసుకోనిచ్చారు. అయితే కొత్త మెలిక పెట్టారు, మా వైపు మెట్ల కిటికీ వాళ్ల పెరట్లోకి తెరుచుకోకూడదట. ప్లాన్‌లో కిటికీ అక్కడే ఉంది. మార్చొచ్చా?

రిటైర్డ్_ఇంజినీర్:
మెట్లకి గాలీ వెలుతురూ కావాలి, పూర్తిగా మూయకండి. కంటి ఎత్తుకి పైన వెంటిలేటర్‌లా పెట్టి గరుకు అద్దం వేయండి. లింటెల్, అంటే కిటికీ పైన వచ్చే దూలం, పోసేలోపు తేల్చుకుని, మార్పు ఆర్కిటెక్ట్ చేత డ్రాయింగ్‌లో వేయించుకోండి. అక్కగారి ఇంటికి కూడా అటు కిటికీ ఉందేమో చూసుకున్నారా?